వాగు వారాలు

నా సొంత నోటుబుక్కులు ఇరవై ఆరు. అన్నిటికీ ఖాకీ అట్టలు వేసి, వీపు మీద వరుస అంకె రాసి పెట్టుకున్నాను. జూలూరుపాడు నుంచి లోపలికి వెళ్తే అడవి అంచున ఉండే ఒక ఊరి సబ్‌సెంటర్లో ఇరవై ఆరేళ్లు నర్సమ్మగా పనిచేశాను. ఏడాదికి ఒక పుస్తకం. నా కిందున్న ఊరూ గూడేలూ కలిపి ఆ వారం ఎన్ని జ్వరాలు, ఎన్ని రక్తపూతలు తీశాను, అందులో ఎన్ని మలేరియా అని తేలాయి, ఇవే అందులోని గళ్లు. దవాఖానాకు ఇచ్చే రిజిస్టరు వేరే ఉండేది. శనివారం సాయంత్రం రిజిస్టరూ నా పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని కూడికలు సరిచూసేదాన్ని. రెండూ టాలీ కాకపోతే నాకు ఆదివారం లేనట్టే.

మా ఊరికి అవతల ఒక వాగు. వాగు అవతల ఇంకో సబ్‌సెంటరు, అందులో ఇంకో నర్సమ్మ. ఖమ్మంలో ట్రైనింగు ఇద్దరం ఒకే బ్యాచ్‌లో చేశాం, ఒకే గదిలో ఉన్నాం. పరీక్షలో నాకు మొదటి స్థానం. ఆమె మూడు మార్కుల తేడాతో గట్టెక్కింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు అంటే అబద్ధం. చాలామందికి చెప్పాను.

చెప్పినా ఏం లాభం? నా గూడేల జనం నా సబ్‌సెంటరు గడప ముందు నుంచే నడిచి, మోకాలి లోతు వాగు దాటి, ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆమె దగ్గరున్నవీ నా దగ్గరున్న మందులే. అదే చిన్న డబ్బా, అవే గోలీలు. ఒకసారి ఒక బాలింతను ఆపి అడిగాను, నేను ఇక్కడే ఉండగా అంత దూరం ఎందుకని. "నువ్వు రాసుకుంటవ్ అమ్మా, ఆమె వింటది" అంది. తడి పాదాలతో నిలబడి ఆ మాట అన్న తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమెకు గోండు, కోయ మాటలు కొన్ని వచ్చు. వాళ్లతో కూర్చుని ఇప్పపువ్వు ఏరేది. ఆదివారం అటువైపు చర్చికి వచ్చినవాళ్లు కూడా ప్రార్థన అయ్యాక అక్కడే జ్వరం చూపించుకునేవాళ్లట. ఆమెకు బదిలీ వచ్చిన రోజు ఆడవాళ్లు జూలూరుపాడు బస్టాండు దాకా వచ్చి ఏడ్చారని విన్నాను. నాకు బదిలీ వచ్చిన రోజు ఒక్క సూపర్‌వైజరు వచ్చాడు, తాళంచెవులు తీసుకోవడానికి.

నా కూతురి కూతురు హైదరాబాదులో లెక్కల్లో పరిశోధన చేస్తోంది. జూన్ మొదటి వారంలో ఖమ్మంలో మా ఇంటికి వచ్చి, నా ఖాకీ పుస్తకాలన్నీ కావాలంది. అంటువ్యాధులు ఎప్పుడు ఎగిసిపడతాయో, ఎందుకు ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పొంతన ఉండదో కేయాస్ సిద్ధాంతంతో చూస్తుందట. అడవి అంచున ఒకే చోట, ఒకే మనిషి, వారం వారం, ఇన్నేళ్లు రాసిన లెక్క ఆమెకు ఎక్కడా దొరకలేదట.

"నీ అంత పద్ధతిగా ఎవరు రాసిన్రు అమ్మమ్మా?" అంది.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో లెక్క ఉంది. ఇక్కడ రాయను.

నాకు అర్థం కానిదాన్ని నేను నమ్మను. అందుకని ఆ సిద్ధాంతమేమిటో నాకు ముందు చెప్పమన్నాను. కాగితం, క్యాలిక్యులేటరు తెచ్చి కూర్చోబెట్టింది. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె తీసుకో. ఒకటిలోంచి దాన్ని తీసెయ్. మిగిలినదాన్ని ఆ అంకెతోనే గుణించు. వచ్చినదాన్ని నాలుగుతో గుణించు. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని చెయ్. అంతే నియమం. నన్ను పాయింట్ మూడుతో మొదలుపెట్టమంది. పక్క వరుసలో పాయింట్ మూడు సున్నా ఒకటితో. మొదటి మూడు నాలుగు వరుసలు దాదాపు ఒక్కటిగానే నడిచాయి. ఎనిమిదో వరుసకు మొదటిది పాయింట్ నలభై ఐదు దగ్గర, రెండోది పాయింట్ డెబ్బై రెండు దగ్గర ఉన్నాయి. తప్పు చేశాననుకుని మొదటి నుంచి మళ్లీ వేశాను. తప్పు లేదు.

"చూసినవా? నియమం ఒక్కటే. ఎక్కడా అదృష్టం లేదు, దేవుడి లీల లేదు. మొదట్ల వెంట్రుకవాసి తేడా, చివరికి ఎక్కడెక్కడికో పోయింది. జ్వరాలు గూడ గిట్లనే పెరుగుతయేమో అని నా అనుమానం. అట్లయితే ఆర్నెల్ల ముందు చెప్పలేం. కానీ వచ్చే రెండు మూడు వారాలు చెప్పొచ్చు."

"అది నిజమో కాదో ఎట్లా తెలుస్తుంది?"

"ప్రతి వారానికీ ఒక చుక్క పెడత. అడ్డంగా ఈ వారం జ్వరాలెన్ని, నిలువుగా వచ్చే వారం ఎన్ని. లెక్కాపత్రం లేకుండ వస్తే చుక్కలు ఆవాలు ఒలికినట్టు చెదురుతయ్. లోపల నియమం ఉంటే ఒక ఆకారం కడతయ్."

అది నాకు నచ్చింది. చుక్కలు పెట్టడమంటే మాకు కొత్తేం కాదు, రోజూ వాకిట్లో చేసే పనే.

పది రోజులు కూర్చుని నా పుస్తకాలు చదివాను, ఆమె ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. పదకొండో రోజు పొద్దున్న వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, దా, జల్దీ! ఇది చూడు!"

తెరమీద వెయ్యికి పైగా చుక్కలు. చాలావరకు ఒక వంపు తిరిగిన మబ్బులా ఉన్నాయి. కానీ ఆ మబ్బును చీల్చుకుంటూ కింది మూల నుంచి పై మూలకు ఒక తిన్నని గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీత మీద చుక్కలన్నీ జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలవే.

"ఈ గీత మీద ఉన్నయంటే అర్థమేంది? ఈ వారం ఎన్ని జ్వరాలో వచ్చే వారం గూడ సరిగ్గ అన్నే. వానకాలంల జ్వరం ఒక్కచోట కుదురుకుంటుంది అమ్మమ్మా! ఇట్లా ఎవరూ చూపించలే. సోమవారం మా గైడ్‌కు చూపిస్త."

నా చేతిలో గరిటె ఉంది. నాకు ఆ గీత ఏమిటో చూసిన వెంటనే తెలిసింది.

వానాకాలంలో వాగు వస్తే దారులు తెగి నా గూడేల్లో సగం విడిగా ఉండిపోయేవి. ఆ వారం నేను వెళ్లలేను, వాళ్లు రాలేరు. మరుసటి వారం వెళ్తే రెండు వారాల జ్వరాలూ ఒక్కసారే దొరికేవి. రిజిస్టర్లో ఒక గడి ఖాళీ, పక్క గడిలో పెద్ద అంకె. మా సూపర్‌వైజరు ఆ రెంటినీ ఒప్పుకునేవాడు కాదు. "ఖాళీ గడి ఉంటే పనిచెయ్యలేదంటరు, పెద్ద అంకె ఉంటే జ్వరాలు ప్రబలినయంటరు. సర్ది రాయమ్మా" అనేవాడు. సర్ది రాయడమంటే దొరికిన మొత్తాన్ని రెండు వారాలకు సమానంగా పంచడం. నేను పంచాను. పద్ధతిగా పంచాను. బేసి వస్తే మిగిలిన ఒకటి రెండో వారానికి వేసేదాన్ని. రిజిస్టరూ నా పుస్తకమూ టాలీ కావాలి గనుక నా పుస్తకంలోనూ అలాగే రాసుకున్నాను. మొత్తం ఎప్పుడూ తప్పలేదు. ఒక్క జ్వరం కలపలేదు, ఒక్కటి తీసేయలేదు. అందుకే అది అబద్ధమని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

పిల్ల చూపిస్తున్న తిన్నని గీత వానాకాలపు జ్వరం కాదు, నా సర్దుబాటు.

చెప్పాలని నోరు తెరిచాను. "నీ అంత పద్ధతిగా ఎవరు రాసిన్రు" అన్నది గుర్తొచ్చింది. కూర మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రానికి ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒక చోటి లెక్క చాలదు, పక్కన ఇంకో చోటి లెక్కతో సరిచూడాలట. వాగవతల నర్సమ్మ గురించి వాళ్లమ్మ దగ్గర విందట.

"ఆమె ఏం రాస్తది? రాసే మనిషే కాదు" అన్నాను.

"ఫోన్ చేసిన అమ్మమ్మా. ఉన్నయంట. గురువారం రమ్మంది."

ఆమె ఇప్పుడు పాల్వంచలో, అల్లుడి కంపెనీ క్వార్టర్లో ఉంటోంది. నేను వెళ్లకుండా ఉండాల్సింది. కానీ పిల్లను ఒంటరిగా ఆమె దగ్గరికి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. గురువారం ఎనిమిదీ పదికి ఖమ్మంలో బస్సెక్కాం. జూలూరుపాడులో బస్సు ఆగినప్పుడు మా ఊరికి చీలే దారి కనిపించింది. పిల్లకు చూపించలేదు.

క్వార్టరు ముందు షిఫ్టు బస్సు దిగినవాళ్లు టిఫిను డబ్బాలతో వెళ్తున్నారు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. లావైంది. పళ్లు నాలుగు లేవు. నాకు అన్నీ ఉన్నాయి.

"అబ్బో, లెక్కలమ్మ వచ్చింది! ఎన్నేండ్లాయె? నువ్వే చెప్పు, నాకు లెక్క రాదు."

"పదకొండేళ్ల నాలుగు నెలలు."

"చూసినవా బిడ్డా, రోజులు గూడ చెప్తది, అడుగు!" అని నా మనవరాలి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయింది. అరగంటలో మొక్కజొన్న గారెలు వచ్చాయి. గంటలో నా మనవరాలు ఆమెను "అమ్మమ్మా" అంటోంది. బయట ఎవరినైనా ఆంటీ అనే పిల్ల. నేను గారె సగం తిని ప్లేటు పక్కన పెట్టాను.

ఆమె పుస్తకాలు ఒక యూరియా సంచిలో ఉన్నాయి. స్కూలు పిల్లల లాంగు నోటుబుక్కులు. కొన్నిటికి అట్టల్లేవు, ఒకదాని నిండా పసుపు మరకలు, ఇంకోదాని వెనక ఎవరో పిల్లలు గీసిన కోడి బొమ్మ. గళ్లు లేవు. మనిషికో వరుస, వారం కింద మొత్తం. "గూడెం చివరింటి కోడలు, సంత తెల్లారి చలి." "మేకలాయన, సంత నాడే." "వాళ్లమ్మ, సంతకు రెండ్రోజుల ముందు." మా ప్రాంతంలో సంత మంగళవారం. తేదీ అడిగితే గూడేల్లో చెప్పలేరు. సంతను పట్టుకుని అడిగితే జ్వరం ఏ రోజు పట్టిందో ఖాయంగా చెబుతారు. నేను తేదీ అడిగేదాన్ని, చెప్పలేకపోతే వాళ్లు నా దగ్గరికి వచ్చిన తేదీనే వేసేదాన్ని.

కొన్ని పేజీల్లో వారమంతటికీ ఒక్క మాటే ఉంది. "వాగు." అంతే. కింద ఖాళీ.

"జ్వరాలు ఏ ఏడు ఎట్ల పెరుగుతయో నీకు ముందే తెలిసేదా అమ్మమ్మా?" అని పిల్ల ఆమెను అడిగింది.

"ఏడు గురించి ఎవలకు తెలుస్తది బిడ్డా? మొదలు ఏ ఇంట్ల పడ్డదో చూసేదాన్ని. ఒక ఏడు మేకలాయన జ్వరంతోటి సంతకు పోయిండు. మూడు గూడేలు మంచం పట్టినయ్. మర్సటేడు ఆయనకే వచ్చింది. ఆయన పెండ్లాం సంతకు పోనియ్యలే. గా ఏడు ఏం లేదు. ఒక్క ముసలోడు ఇంట్ల పండుకున్నడు, గంతే తేడా."

"అమ్మమ్మా! నేను చెప్పేది ఇదే కదా!" అని పిల్ల నా వైపు తిరిగింది. నేను ఎనిమిది వరుసల గుణకారం రెండుసార్లు వేసి తెలుసుకున్నదాన్ని ఆమె మేకలాయనతో తేల్చేసింది. నా సంచిలో ఆ గుణకారాల కాగితం మడత పెట్టి ఉంది, చూపిద్దామని తెచ్చుకున్నాను. తీయలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్ల రెండు వానాకాలాల పేజీలు ఎక్కించి చుక్కలు పెట్టింది. గీత లేదు. చుక్కలు పైకీ కిందికీ ఎగిరాయి. నా బొమ్మ పక్కన ఆమె బొమ్మ పెట్టి చాలాసేపు చూసింది.

"ఏమనుకోకు పాల్వంచ అమ్మమ్మా. నీ పుస్తకం చాలా బాగుంది, కథ లెక్క ఉంది. కానీ లెక్కకు పనికొస్తదో రాదో. ఇక్కడ ఈ గీత చూసినవా, అమ్మమ్మ దాంట్ల? నీ దాంట్ల ఆ జాడే లేదు. చాలా వారాలు తప్పిపోయినయ్."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. గీతను వేలితో కింది నుంచి పైదాకా రాసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ సూపర్‌వైజరే వాగు అవతలికి కూడా వెళ్లేవాడు. సర్ది రాయమని ఆమెకూ చెప్పేవాడు.

ఇప్పుడు అంటుంది అనుకున్నాను.

"అవ్ బిడ్డా, నాది గజిబిజి రాత" అంది. "మీ అమ్మమ్మ పుస్తకమే పట్టుకో. ఆమె ఒక్క జ్వరం వదల్లే. కావాలంటే అన్నీ కూడి చూస్కో, తప్పు దొరకదు."

అందులో ఒక్క అబద్ధం లేదు. పిల్ల యూరియా సంచి మూతి కట్టేసింది. ట్రైనింగు రోజుల నుంచి నేను కోరుకున్నది ఇదే. ఆమె పుస్తకం పక్కకు, నాది ముందుకు. నా సొంత మనవరాలి చేతుల మీదుగా. నాకు సంతోషం కలగాలి. నేను ఎదురుచూశాను. కలగలేదు.

పిల్ల చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. ఆమెను అడిగాను.

"ఎందుకు చెప్పలేదు?"

"ఏంది చెప్పాలె?"

"నీకు తెలుసు ఏందో."

ఆమె సంచిని కాలితో గోడ వైపు నెట్టింది. "నీ మనవరాలు, నీ పుస్తకం. నాకెందుకు? ఇన్నేండ్లకు ఒక్కపారి నిన్ను గెల్వనిద్దామనుకున్న, లెక్కలమ్మా."

నవ్వుతూ అంది. వెటకారమైనా బాగుండేది, భరించేదాన్ని. నిజంగానే అంది. నా ఇన్నేళ్ల అసూయ ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, గారెలతో పాటు ఇది కూడా ప్లేటులో పెట్టి ఇస్తోంది.

పిల్ల తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను నిలబడే చెప్పేశాను. సూపర్‌వైజరు, ఖాళీ గడి, రెండుగా పంచడం, బేసి వస్తే ఒకటి రెండో వారానికి. నిజాయితీ కోసం చెప్పానని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం. ఆమె దయ చేసిన గెలుపు ఇంటికి తీసుకుపోవడం నా వల్ల కాలేదు. అంతే.

పిల్ల ముఖం ఎర్రబడింది. "సోమవారం చూపించేదాన్ని అమ్మమ్మా! అందరి ముందట! నీకు ఆ రోజే తెలుసు కదా?"

"తెలుసు."

"ఆమెనేమంటవ్ బిడ్డా? అందరం గట్లనే రాసినం" అని అవతలామె మొదలుపెట్టింది.

"నువ్వు రాయలేదు" అన్నాను.

"రిజిస్టర్ల నేనూ రాసిన. ఇంటి పుస్తకంల రాయలే. పంచుడు నాకు రాదు, భాగారాల కాడనే కదా మూడు మార్కుల తోటి బైటపడ్డది!"

పిల్లకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. సంచి మూతి విప్పింది.

తిరుగు బస్సులో కొత్తగూడెం దాకా నాతో మాట్లాడలేదు. యూరియా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటాక అడిగింది, "ఏయే వారాలు పంచినవో తెలుసా?"

తెలుసు. వాగు వచ్చిన తేదీ, తగ్గిన తేదీ నేను పేజీ మూలన పెన్సిలుతో రాసుకునేదాన్ని. ఆ తర్వాత పన్నెండు రోజులు ఎర్ర పెన్ను పట్టుకుని ఇరవై ఆరు పుస్తకాలూ తిరగేశాను. పంచిన ప్రతి జంట పక్కన ఏం రాయాలో తోచలేదు. "సర్దినది" అని రాయబోయి మానుకున్నాను. చివరికి "వాగు" అని రాశాను. మొత్తం నలభై ఒక్క చోట్ల. పంచినవాటిని మళ్లీ కలపగలను కానీ ఏ జ్వరం ఏ వారానిదో తేల్చలేను. అవతలి పుస్తకంలో వాగు తగ్గాక రాసిన వరుసల్లో కూడా సంత తెల్లారి, సంత ముందు అని ఉంది గనుక పిల్ల ఆ వారాలను ఎక్కడివక్కడ తిరిగి పెట్టింది. నావి ఖాళీగానే మిగిలాయి.

ఆగస్టులో మళ్లీ వచ్చి కొత్త బొమ్మలు చూపించింది. వాగుకు ఇటువైపుదొకటి, అటువైపుదొకటి. గీత పోయింది. రెండు బొమ్మల్లోనూ చుక్కలు ఒకే రకం వంపు కట్టాయి, ఒక వైపు మొనదేలి, ఇంకో వైపు వెడల్పై, కొడవలిలా. ఏ ఏడూ ఇంకో ఏడులా నడవలేదు. ఇటు ఎగిసిన వారం అటు ఎగిసిందని కూడా లేదు. అయినా ఆకారం అదే. ఇది ఋజువు కాదనీ, ఇంకా చాలా సరిచూడాలనీ పిల్ల నాలుగుసార్లు అంది. తను రాసిన పేజీ ఒకటి చదివి వినిపించింది. ఇంగ్లీషు మధ్యలో ఒకచోట తెలుగు మాట కనబడింది, వాగు వారాలు. లెక్క దొరకని వారాలకు తను పెట్టిన పేరట.

"ఎవరి మాట అది?" అన్నాను, తెలిసే.

"పాల్వంచ అమ్మమ్మది."

ఆ పేజీలో ఆ మాట తొమ్మిదిసార్లు ఉంది.

పిల్ల వెళ్లాక యూరియా సంచి మా ఇంట్లోనే ఉంది, తిరిగి పంపాలి. పంపేముందు ఆమె కూడికలు సరిచూడటం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. ఐదో పుస్తకంలో, ఒక సెప్టెంబరు వారంలో దొరికింది. మనుషులు ఇరవై ముగ్గురు, కింద మొత్తం ఇరవై నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టి, వెంటనే ఫోన్ చేశాను.

"ఐదో పుస్తకం, సెప్టెంబరు రెండో వారం. ఒకటి ఎక్కువ వేశావు" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

ఆమె పెద్దగా నవ్వింది.

"ఆ ఇరవై నాలుగోది నేనే, లెక్కలమ్మా! ఆ వారం నాక్కూడ చలిజ్వరమే. నా పేరు నేనేం రాసుకుంట?"

ఫోన్ పెట్టేశాక నా పుస్తకాల వైపు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లలో నాకు నాలుగుసార్లు మలేరియా వచ్చింది. సెలవు చీటీలు పెట్టిన తేదీలు నాకు ఇప్పటికీ గుర్తే. నా రక్తపూత నేనే తీసుకున్నాను, గోలీలు నేనే వేసుకున్నాను. ఒక్కసారి కూడా లెక్కలో వేసుకోలేదు. ఒక్క జ్వరం వదల్లేదని ఆమె నా గురించి చెప్పింది, నేను ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మనవరాలికి ఫోన్ చేశాను. ఇటువైపు లెక్కలో ఇంకో నాలుగు కలపాలని చెప్పాను. పెన్ను తీసుకోమని, తేదీలు చెప్పాను.